ఓరుగల్లు గుట్టలెక్కుదాం: రాయి వేడెక్కకముందే పైకి, మొరం మీద జారకుండా కిందికి

హైదరాబాద్ నుంచి మా బావ వచ్చిన ప్రతిసారీ వరంగల్ కోటకు తీసుకెళ్తాను. తోరణాల దగ్గర ఫొటోలయ్యాక ఏకశిల గుట్ట వైపు చెయ్యి చూపిస్తే ఎప్పుడూ ఒకటే మాట: "గీ గుట్టకు ఇంత తయారా? అయిదు నిమిషాల్ల ఎక్కి దిగుదాం పా." ఆ మాటలో తప్పేం లేదు. మన గుట్టలు చిన్నవే. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు ఎక్కడం ఒక పనే కాదు. కానీ చిన్న గుట్టని తేలిగ్గా తీసుకుని, మిట్టమధ్యాహ్నం రబ్బరు చెప్పులతో ఎక్కి, అరికాళ్లు కాలి, మోకాళ్లు గీరుకుని, ఏమీ చూడకుండా దిగిపోయిన వాళ్లను చాలామందిని చూశాను. అందులో నేనూ ఉన్నాను.

ఈ గుట్టలకు కావలసింది బలం కాదు, వేళ. ఇక్కడ మీరు నడిచేది మట్టి మీద కాదు, నీడలేని బండ మీద. బండకు దాని టైం టేబుల్ దానికుంది. అది తెలుసుకుంటే అరవై దాటిన మా చిన్నమ్మ కూడా హాయిగా పైకి వెళ్లి, కోట చుట్టుకొలత కళ్లతో కొలిచి, టిఫిన్ టైముకు ఇంటికొస్తుంది.

ముందు వేళ చూసుకోండి, తర్వాతే గుట్ట

గ్రానైట్ నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. మన ప్లాన్లన్నీ తప్పేది ఇక్కడే. ఏప్రిల్‌లో "సాయంత్రం అయిదింటికి ఎండ తగ్గుతుంది కదా, అప్పుడు వెళ్దాం" అనుకుంటాం. ఎండ తగ్గుతుంది, బండ తగ్గదు. పొద్దంతా తాగిన వేడిని అది సాయంత్రం మన కాళ్ల మీదికి వదులుతుంది. పొయ్యి ఆర్పేసినా పెనం కాసేపు కాలుతూనే ఉంటుంది కదా, అదే లెక్క. రాయి అన్నిటికంటే చల్లగా ఉండేది తెల్లవారుజామున, సూర్యుడు రావడానికి కాస్త ముందు.

వరంగల్‌లో జూన్‌లో పొద్దు 5:40 ప్రాంతంలో పొడుస్తుంది, జనవరిలో 6:45 దాటుతుంది. మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా ఒకటే సూత్రం: పొద్దు పొడిచేసరికి గుట్ట కింద ఉండాలి, ఎనిమిదింటికి దిగిపోవాలి. మేలో ఇక్కడ 43, 44 డిగ్రీలు మామూలే. ఆ నెలలో తొమ్మిదింటికి గుట్టెక్కడం సరదా కాదు, శిక్ష.

చలికాలం లెక్క వేరు. డిసెంబర్, జనవరిలో తెల్లవారగానే పరుగెత్తి వెళ్లడం దండగ. కోట చుట్టూ చెరువులు, పొలాలు ఉండటంతో చాలా రోజులు పొద్దున మంచు కమ్మేస్తుంది. పైకెక్కితే మన చెయ్యే మనకు కనపడదు. పైగా ఆ మంచుకు బండ చెమర్చి జారుతుంది. ఏడున్నర, ఎనిమిది మధ్య మొదలుపెట్టండి. ఆ నెలల్లో మాత్రం సాయంత్రం కూడా బాగుంటుంది, రాయి వెచ్చగా ఒంటికి సుఖంగా తగులుతుంది.

వానాకాలంలో, వాన వెలిసిన వెంటనే వద్దు. ఒక పూట ఎండ తగిలాక వెళ్లండి.

ఒక్కసారే వచ్చే వీలుందనుకోండి, ఎప్పుడు రమ్మంటావని నన్నడిగితే బతుకమ్మ రోజులంటాను. వానలు వెనకబడతాయి, గాలి కడిగినట్టు ఉంటుంది, చెరువులు నిండి ఉంటాయి, గుట్టల అంచుల్లో తంగేడు పసుపు పచ్చగా పూసి ఉంటుంది. రద్దీ కూడా ఉంటుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఏ గుట్ట ఎవరికి

వరంగల్, హనుమకొండ రెండూ గుట్టల మధ్య పెరిగిన ఊళ్లు. గంటలో ముగిసే నడకకు మూడు సరిపోతాయి.

మొదటిది కోట లోపలి ఏకశిల గుట్ట. ఊరికి పేరు పెట్టిన రాయి ఇదే. ఓరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి. ఓరుగల్లు. దాన్నే సంస్కృతంలో ఏకశిల అన్నారు. కింద చెరువు, పార్కు ఉన్నాయి, పైకి మెట్లున్నాయి, పైన చిన్న గుడి, బురుజులాంటి పాత కట్టడం ఉన్నాయి. పిల్లలు, పెద్దవాళ్లు కలిసి వస్తే ఇదే నయం. ఎక్కలేని వాళ్లు కింద చెరువు దగ్గర కూర్చోవచ్చు.

రెండోది హనుమకొండలోని పద్మాక్షి గుట్ట. ఇది గుడికి వెళ్లే దారి, కాబట్టి నడక కంటే దర్శనం ముందు. భద్రకాళి చెరువు వైపు చూపు బాగుంటుంది. దీనికి సాయంత్రం మంచిది.

మూడోది హనుమకొండలోనే ఉన్న అగ్గలయ్య గుట్ట. బండ మీద నిలువెత్తుకు మించి చెక్కిన జైన తీర్థంకరుడి విగ్రహం ఉంది. చాలామంది వరంగల్ వాళ్లకే తెలియదు. మెట్లు, రెయిలింగ్ వేశాక ఎక్కడం సులువైంది. మనుషులు తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. ఒంటరిగా నడిచేవాళ్లకు నచ్చుతుంది కానీ, చీకటి పడ్డాక ఒక్కరే ఉండకండి.

ఒకే రోజు అయితే పొద్దున ఏకశిల, సాయంత్రం పద్మాక్షి. మూడూ ఒకే రోజు పెట్టుకుంటే మూడోదానికి వచ్చేసరికి "ఇదీ బండే కదా" అనిపిస్తుంది. రాయికి అన్యాయం.

వచ్చే దారి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వరంగల్ స్టేషన్‌లో దిగితే కోటకు ఆటోలో పావుగంట. కాజీపేటలో దిగితే ముందు హనుమకొండ వస్తుంది, కాబట్టి పద్మాక్షి దగ్గర. ఆటో అతనికి "కోట" అని మాత్రమే చెప్పకండి, కోటలో ఊళ్లే ఉన్నాయి. కోటలోని పాత మహల్ పేరు చెప్పి "ఖుష్‌మహల్ దగ్గర" అనండి. తోరణాల ఆవరణకు టికెట్ ఉంటుంది, చిల్లర ఉంచుకోండి.

సంచిలో ఏముండాలి

మనిషికి లీటరు నీళ్లు, ఎండాకాలమైతే రెండు. మజ్జిగ సీసా ఒకటి. పల్లీ పట్టీ. టోపీ లేదా తువ్వాల. గొడుగు తీసుకెళ్లకండి, పైన గాలికి అది మిమ్మల్నే లాగుతుంది.

షూ సంగతి కాస్త చూసుకోండి. ఖరీదైనవి అక్కర్లేదు. అడుగున మెత్తటి రబ్బరు ఉండి, అరిగిపోకుండా ఉంటే చాలు. పొడి గ్రానైట్ సాండ్‌పేపర్ లాంటిది, మెత్తటి రబ్బరును గట్టిగా పట్టుకుంటుంది. లెదర్ బూట్లు, మడమ ఎత్తు చెప్పులు, అడుగు నున్నగా అరిగిన రన్నింగ్ షూ మాత్రం వద్దు. పెళ్లికి వచ్చి అదే బట్టల్లో గుట్టెక్కే వాళ్లకు చెబుతున్నాను: పట్టుచీర కుచ్చిళ్లు మెట్ల మీద కాలికి అడ్డం పడతాయి. నవ్వకండి, జరిగింది.

గుట్ట మీద గుడి ఉంటుంది కాబట్టి షూ విప్పాలి. ఒక జత సాక్సు అదనంగా పెట్టుకోండి. ఒకసారి ఏప్రిల్‌లో, పదకొండు గంటలకు, చెప్పులు మెట్ల దగ్గరే వదిలి గుడి దాకా ఉత్తి కాళ్లతో వెళ్లాను. ఇరవై అడుగులు ఉంటుందేమో. వెళ్లేటప్పుడు భక్తి, వచ్చేటప్పుడు పరుగు. మూడు రోజులు మడమల మీద నడిచాను. మెట్ల కింద కొబ్బరికాయలు అమ్మే అవ్వ నా అవస్థ చూసి, "బిడ్డా, పొద్దుగాల్ల రావాలె. గీ ఎండల దేవుడు సుత పండుకుంటడు" అంది.

ఏకశిల ఎక్కడం, అడుగడుగునా

గుట్ట ఎక్కే ముందు పది నిమిషాలు తోరణాల మధ్య నడవండి. అటూ ఇటూ తిరగమని కాదు, కాళ్లు వేడెక్కడానికి. దానికో కారణం కూడా ఉంది. ఆ నాలుగు తోరణాలు ఒకప్పటి స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కుల ద్వారాలు. గుడి పోయింది, ద్వారాలు మిగిలాయి. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సేన కోటను పట్టుకుంది, కాకతీయుల పాలన అక్కడితో ముగిసింది. కింద నిలబడి చూస్తే చెల్లాచెదురైన రాళ్లు కనపడతాయి. పైనుంచి చూస్తే అదంతా ఒక కొలత ప్రకారం కట్టినదని అర్థమవుతుంది. ముందు కింద చూసినవాళ్లకే పైనుంచి చూసింది అర్థమవుతుంది.

ఆ తర్వాత గుట్ట వైపు రండి. మెట్లు మొదలయ్యే చోట ఒక్క నిమిషం ఆగి తల పైకెత్తి చూడండి. రెండు విషయాలు గమనించండి. ఒకటి, కోతులు ఎక్కడున్నాయి. రెండు, బండ మీద నల్లటి చారలు ఎక్కడ దిగుతున్నాయి. వాననీళ్లు పారే దారులవి. అక్కడ నాచు పెరిగి ఎండిపోయి నల్లబడుతుంది. ఎండినప్పుడు ఏమీ కాదు, తడిస్తే మాత్రం సబ్బు. ఈ గుట్టల మీద పడ్డవాళ్లలో సగం మంది ఆ చార మీద కాలు వేసినవాళ్లే అని నా అనుమానం. ఆ నాచునే పాకుడు అంటాం. వానాకాలంలో నల్ల చారను ఎప్పుడూ దాటి వేయండి అడుగు, దాని మీద వేయకండి.

ఎక్కేటప్పుడు వేగం ఎంత ఉండాలంటే, పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. వాక్యం మధ్యలో ఊపిరి తెగితే ఆగండి. మెట్లు ఎత్తు ఎక్కువ తక్కువగా ఉంటాయి, అందుకే లెక్కపెడుతూ పరుగులాంటి నడకతో ఎక్కితే ఎక్కడో ఒక చోట కాలు తడబడుతుంది. బీపీ ఉన్నవాళ్లు, మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లు ఆగుతూ ఎక్కండి. ఎవరూ పరుగుపందెం పెట్టలేదు.

మెట్లు వదిలి బండ మీద నడవాలనిపిస్తుంది, పిల్లలకు మరీ. నడవండి, కానీ పాదం మొత్తం ఆనించి నడవండి. బండ వాలుగా ఉన్నచోట చాలామంది భయపడి ముందుకు వంగి, ముని వేళ్ల మీద నడుస్తారు. అప్పుడే జారేది. నిటారుగా ఉండి, అరికాలంతా రాయికి తాకించండి. రబ్బరు ఎంత ఎక్కువ ఆనితే పట్టు అంత ఎక్కువ.

సగంలో ఒకసారి తప్పకుండా కూర్చోండి. అలసిపోయి కాదు. ఈ గుట్టల మీద చూడవలసింది శిఖరం కంటే సగం దారిలోనే ఎక్కువని నా అభిప్రాయం. పైకి వెళ్లాక అందరూ దూరం చూస్తారు, దగ్గర చూడరు.

రాయిని దగ్గరగా చూడటం

కూర్చున్నచోటే చెయ్యి పెట్టి చూడండి. గులాబీ, బూడిద రంగు పలుకులు ఫెల్డ్‌స్పార్. గాజు ముక్కల్లా మెరిసేది క్వార్ట్జ్. అక్కడక్కడా నల్లటి రేకుల్లా ఉండేది బయోటైట్, అభ్రకంలో ఒక రకం. పలుకులు కంటికి కనపడేంత పెద్దవిగా ఉన్నాయంటే, కరిగిన రాయి భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున చాలా నిదానంగా చల్లారిందని అర్థం. మన దగ్గరి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. హిమాలయాలు లేవడం మొదలై ఐదు కోట్ల ఏళ్లు. వాటి ముందు మన గుట్ట ముత్తవ్వ.

మరి అంత లోతున పుట్టింది పైకెలా వచ్చింది? అది పైకి రాలేదు, దాని మీదున్నదంతా వానకు, గాలికి కొట్టుకుపోయింది. మీద బరువు పోయేసరికి రాయి కొంచెం ఉబ్బుతుంది, ఉబ్బి పైపైన పొరలుగా విడుతుంది. ఉల్లిపాయ పొరల్లాగా. అందుకే మన గుట్టలు గుండ్రంగా బోర్లించిన గిన్నెల్లా ఉంటాయి. విడిపోయిన పొరలను పెచ్చులు అంటాం. ఒక పని చేయండి: పెచ్చులా లేచిన చోట వేలి కణుపుతో కొట్టండి. గట్టి బండ అయితే శబ్దమే రాదు, వేలు నొప్పి పెడుతుంది. విడిన పెచ్చు అయితే ఖాళీ కుండలా "డొబ్" మంటుంది. డొల్ల శబ్దం వచ్చిన దాని అంచు మీద నిలబడకండి, పిల్లలను నిలబెట్టకండి. ఫొటోలకు అందరికీ నచ్చేవి సరిగ్గా ఆ అంచులే.

గుట్ట మీద ఎవరో పేర్చినట్టు ఉండే గుండ్లు కూడా ఎవరూ పేర్చినవి కావు. బండలో అడ్డంగా, నిలువుగా పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి మూలలను తినేస్తాయి. నాలుగు పలకల రాయి కాస్తా గుండు అవుతుంది. తినేసిన మూలల పొడే మనం మొరం అనేది. ఇంటి ముందు పోయించుకునే మొరం, ఈ గుట్ట, రెండూ ఒకటే సరుకు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, దిగేటప్పుడు పనికొస్తుంది.

గుట్టల అంచుల్లో, కోట గోడల రాళ్ల మీద ఇంకో గుర్తు వెతకండి. వరుసగా, కుట్టు వేసినట్టు చిన్న చిన్న గుంటలు. రాయి పగలగొట్టడానికి ఉలితో వేసిన గాడులవి. పాతకాలంలో ఆ గుంటల్లో ఎండిన కొయ్య మేకులు దిగ్గొట్టి నీళ్లు పోసేవాళ్లు. కొయ్య ఉబ్బి, రాయి గీత గీసినట్టు చీలేది. రాతికోట గోడ అలాంటి పెద్ద పెద్ద రాళ్లతో, సున్నం లేకుండా, రాయి మీద రాయి కూర్చోబెట్టి కట్టింది. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన పని. సగం చీలి వదిలేసిన రాయి ఒకటి దొరికితే, నాకు తోరణం కంటే అదే నచ్చుతుంది. తోరణం దగ్గర రాజు కనపడతాడు, దీని దగ్గర పనివాడు కనపడతాడు.

రామప్ప కూడా చూసి వచ్చేవాళ్లు ఒక తేడా గమనించండి. అక్కడ నల్లగా, అద్దంలా మెరిసే బొమ్మలు, స్తంభాలు డోలరైట్. అది గ్రానైట్ పగుళ్లలోకి తర్వాత ఎగదన్నిన వేరే రాయి, పలుకు సన్నం, అందుకే అంత నునుపు. ఈ గుట్ట పలుకు ముతక, అంత సన్నని చెక్కడానికి లొంగదు.

రాయి మీద పేర్లు రాసే బుద్ధి పుడితే ఒక్క మాట. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 నాటి పురావస్తు చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ప్రేమ సంగతి ఆమెకు నేరుగా చెప్పడం చవక.

పైన ఏం చూడాలి

పైకి వెళ్లగానే ఫోన్ తీయకుండా ఒక చుట్టు తిరగండి. ముందు తోరణాలు ఎక్కడున్నాయో పట్టుకోండి. తర్వాత వాటి చుట్టూ రాతికోట గోడను వెతకండి. అది నేరుగా వెళ్లదు, వంగుతూ పోతుంది. చూపుతో ఆ వంపును వెంబడిస్తే కోట గుండ్రమని తెలుస్తుంది. దానికి బయట ఇంకో గుండ్రం, మట్టికోట. దాని మీద చెట్లు, చేమలు పెరిగి గట్టులా కనపడుతుంది, చూపు అలవాటు పడటానికి రెండు నిమిషాలు పడుతుంది. రెండు గుండ్రాల మధ్య వరి పొలాలు, ఇళ్లు, ఆరేసిన బట్టలు. శిథిలం మధ్య మనుషులు కాపురం ఉంటున్న కోట ఇది. హంపి చూసి వచ్చిన మా బావకు నచ్చింది అదే.

పిల్లలకు ఒక ఆట: ఎన్ని చెరువులు కనపడతాయో లెక్కపెట్టమనండి. గుట్ట, దాని కింద చెరువు, చెరువు కింద పొలం. కాకతీయుల నాటి నుంచి ఈ నేల మీద బతుకు ఇదే వరసలో నడిచింది. బండ మీద పడ్డ వాన ఇంకదు, మొత్తం కిందికి పారుతుంది. దాన్ని గుట్ట పాదం దగ్గరే ఆపితే చెరువు.

ఆగస్టు, సెప్టెంబర్‌లో వెళ్తే బండ మీద గుంటల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. పళ్లెమంత గుంట, బెత్తెడు లోతు. వంగి చూస్తే అందులో తోకకప్పలు. ఎండ వచ్చి నీళ్లు ఇంకేలోపు వాటికి కాళ్లు రావాలి. నేను ఒకసారి అరగంట అక్కడే కూర్చున్నాను, పైన గుడి దాకా వెళ్లనే లేదు. ఆ గుంటల్లో చేతులు కడగకండి, నీళ్ల సీసా గుమ్మరించకండి.

దిగడం: అసలు పని ఇక్కడుంది

ఎక్కేటప్పుడు పడ్డవాళ్లను నేను తక్కువ చూశాను. పడేదంతా దిగేటప్పుడే. కాళ్లు అలసి ఉంటాయి, ఆకలి వేస్తుంటుంది, "అయిపోయింది కదా" అన్న ధీమా ఉంటుంది. దీనికి తోడు మొరం. గట్టి బండ మీద పలుచగా పరుచుకున్న మొరం పలుకులు పెసరగింజల్లా దొర్లుతాయి. షూ ఎంత మంచిదైనా కిందున్నది దొర్లే గింజ.

నా చీలమండ బెణికింది అలాగే. మెట్లు పక్కనే ఉన్నాయి. అటు తిరిగి వెళ్లడానికి బద్ధకించి, పది అడుగుల వాలు నేరుగా దిగబోయాను. మడమ మొరం మీద పడింది, కాలు ముందుకు పోయింది, నేను వెనక్కి పోయాను. ఫోన్ బతికింది, చీలమండ నెల రోజులు తీసుకుంది. దిగేటప్పుడు నా పద్ధతి అప్పటి నుంచి ఇది.

వాలు మీద నేరుగా కిందికి కాకుండా ఏటవాలుగా, అటొకసారి ఇటొకసారి తిరుగుతూ దిగండి. మోకాళ్లు కొద్దిగా వంచి ఉంచండి, అడుగులు చిన్నవి వేయండి. మొరం కనపడితే చుట్టు తిరిగి రాయి తేలిన చోట అడుగు వేయండి. మరీ వాలుగా ఉంటే సిగ్గుపడకుండా కూర్చుని జరగండి, ప్యాంటు పోతే పోయింది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మెట్ల మీద పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగితే మోకాళ్ల మీద బరువు తగ్గుతుంది. పిల్లలను ముందు పంపకండి, మీరు వాళ్లకు ఒక అడుగు కింద ఉండండి. మాట్లాడుతూ దిగొచ్చు, ఫోన్ చూస్తూ మాత్రం వద్దు.

బెణికితే అక్కడే కూర్చుని షూ లేసు కొంచెం వదులు చేసి, తువ్వాలతో గట్టిగా కట్టి, ఇద్దరి భుజాలు పట్టుకుని మెట్ల దారిలోనే రండి. కాలు మోపలేకపోతే 108కి ఫోన్ చేసి, ఏ గుట్ట, ఏ వైపు మెట్లు అన్నది స్పష్టంగా చెప్పండి.

కోతులు, తేనెటీగలు, పిడుగులు

కోతులకు ప్లాస్టిక్ కవర్ చప్పుడు తెలుసు. అది వినపడిందంటే మీ పల్లీ పట్టీ వాటిదే. తినేవన్నీ జిప్పు సంచిలో పెట్టండి. కోతి సంచి పట్టుకుంటే లాగకండి, వదిలేయండి. పళ్లు చూపిస్తే నవ్వడం అనుకుని మీరూ పళ్లు చూపించకండి, దాని భాషలో అది గొడవ. గీరినా, కరిచినా సబ్బుతో పావుగంట నీళ్ల కింద కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

గుండ్ల కింద పంచలాగా ఉన్నచోట పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటాయి. దాని కింద సిగరెట్, అగరుబత్తి, రాయి విసరడం ఏదీ వద్దు. లేచాయంటే చేతులు ఊపకుండా, ముఖం తువ్వాలతో కప్పుకుని దూరంగా వెళ్లిపోవడమే. రాళ్ల సందుల్లో చూడకుండా చెయ్యి పెట్టకండి, తేళ్లుంటాయి. ఎండ కాచుకుంటూ దండాలు తీసే తొండ మాత్రం ఏమీ అనదు.

మబ్బు నల్లబడి దూరంగా ఉరిమినా సరే, ఫొటో పూర్తి కాకపోయినా దిగిపోండి. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తున, బోసి బండ మీద నిలబడింది మీరే. ఒంటి చెట్టు కింద, గుండు కింద గుహలాంటి చోట దాక్కోకండి. జూన్ మొదటి వానలకు, దసరా ముందు వానలకు పిడుగులు ఎక్కువ.

సాయంత్రం పద్మాక్షి

పొద్దున ఏకశిల అయ్యాక ఇంటికో, లాడ్జికో వెళ్లి పడుకోండి. ఎండాకాలం కాకపోతే నాలుగున్నరకు పద్మాక్షి దగ్గరికి రండి. ఇది గుడి, కాబట్టి బట్టలు దానికి తగ్గట్టు ఉంటే మంచిది.

దీని కథ కాస్త తెలిసి ఎక్కితే బాగుంటుంది. ఇది మొదట జైనుల బసది, అంటే జైన గుడి. పేరు కడలాలయ బసది. ఇక్కడి నలుపలకల స్తంభం మీద శాసనం 1117 నాటిది. రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఈ బసదికి చేసిన సేవ అందులో ఉంది. వరంగల్ కోట కట్టక ముందు మాట ఇది, అప్పటికి రాజధాని హనుమకొండే. లోపల రాతికి చెక్కిన తీర్థంకరులు ఉన్నారు, అమ్మవారిని ఇప్పుడు పద్మాక్షిగా కొలుస్తారు. ఎవరి బొమ్మ ఎవరిదని వాదన పెట్టుకోకుండా జనం బొట్టు పెట్టి మొక్కి పోతారు. ఆ తీరు నాకు ఇష్టం. గుడి లోపల ఫొటోలకు ముందు పూజారిని అడగండి.

బతుకమ్మ రోజుల్లో, ముఖ్యంగా సద్దుల నాడు, గుట్ట కింది గుండం దగ్గర వేల మంది ఆడవాళ్లు ఆడతారు. ఆ సాయంత్రం గుట్టెక్కాలని రావద్దు, బతుకమ్మ చూడాలని రండి. బండి దూరంగా పెట్టి నడిచి రావాలి. నడక కావాలంటే మర్నాడు పొద్దున రండి, మెట్ల మీద గునుగు, తంగేడు రేకులు ఇంకా అక్కడక్కడా ఉంటాయి.

పొద్దు కుంకే వేళకు పైన ఉంటే మంచిదే, కానీ చీకటి పడకముందే మెట్లు దిగేలా లెక్కేసుకోండి. జనవరిలో ఆరింటి ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది, ఆ తర్వాత వెలుతురు ఇరవై నిమిషాలే.

ఇంకో రోజు ఉంటే

కరీంనగర్ వైపు వెళ్లేవాళ్లకు రెండు చెబుతాను. సిరిసిల్ల తోవలో మానేరు ఒడ్డున ఎలగందుల ఖిల్లా. పైదాకా నడక ఏకశిల కంటే పెద్దది, నీళ్లు రెండింతలు తీసుకెళ్లండి. రెండోది గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట. నడక చిన్నది, చూసేది పెద్దది. కన్నడ కవి పంప తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో అక్కడ బండ మీద మూడు భాషల్లో శాసనం వేయించాడు, అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు చూపించిన ఆధారాల్లో ఈ బండ పేరు గట్టిగానే వినిపించింది. అక్షరాలు పొద్దున ఏటవాలు వెలుతురులో బాగా కనపడతాయి, మధ్యాహ్నం రాయిలో కలిసిపోతాయి. వాటి మీద సుద్ద రుద్దకండి, నీళ్లు చల్లకండి.

రేగొండ వైపు పాండవుల గుట్టలు కూడా అందరూ చెబుతారు. అవి గ్రానైట్ కావు, ఇసుకరాయి. అంచులు విరుగుతాయి, పట్టు వేరు, పైన చెప్పిన లెక్కలన్నీ అక్కడ పనిచేయవు. రాతి చిత్రాలు చూడటానికి దారి తెలిసిన మనిషితో వెళ్లండి, చిత్రాలను చేత్తో తాకకండి.

ఏ గుట్ట దిగినా, బండి ఎక్కే ముందు షూ విప్పి దులపండి. గుప్పెడు మొరం, సాక్సుకు పట్టిన గడ్డి ముళ్లు. ఆ ముళ్లు ఇంటికెళ్లాక తీద్దాం అనుకుంటే, మంచం మీద తీయాల్సి వస్తుంది.